గోడకి పసుపు

అనగనగా ఒక ఊళ్ళో అని చెబుదామంటే, ఈ కథలో చెంగమ్మకి ఊరే లేదు బుజ్జా. ఊరికీ ఊరికీ మధ్య, కోతలైన మళ్ళల్లో ఉండేది. వాళ్ళాయన పెంచలయ్య, చంటిది మునెమ్మ, ఇంకా బోలెడన్ని బాతులు. మళ్ళో రాలిన వడ్లు బాతులు ఏరుకుని తినేదాకా అక్కడ. అయిపోతే పట్టా గుడారం చుట్టుకుని ఇంకో ఊరి పొలాలకి.

చెంగమ్మకి ఒకటే ఆశ. బంగారం కాదు, పట్టుచీర కాదు. ఒక గడప. శుక్రవారం పూట పసుపు రాసి బొట్లు పెట్టుకోడానికి తనదంటూ ఒక గడప. గుడారానికి గడప ఎక్కడుంటుంది చెప్పు? ఒకసారి బాతుల్ని అదిలించే కర్రని వాకిట్లో అడ్డంగా పెట్టి, దానికి పసుపు రాసుకుంది. పెంచలయ్య చూశాడు. చూసి నవ్వలేదు. ఆ రోజంతా ఇంకో కర్రతో బాతుల్ని తోలుకున్నాడు.

అప్పుడు ఒక ఎండాకాలం, ఏటి పక్క ఊళ్ళో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. పెంకుటిల్లు. తెల్లగా కొత్త సున్నం, నీలం రంగు తలుపు, దానికి ఇంత లావు గడప. వెనకే కాలవ. పెంచలయ్య కాలవ చూశాడు, ఇల్లు చూడనే లేదు. బాతులోడికి పల్లం, తడి, పచ్చిక ఉంటే అదే మంచి చోటు గదా. ఇన్నేళ్ళూ అట్లాంటి చోట్లే వెతికాడు. ఇల్లూ అట్లాగే వెతికాడు.

ఇల్లు అమ్మే ఆయన పేరు రంగనాయకులు. గట్టిగా దగ్గను కూడా దగ్గడు, అంత మెత్తటి మనిషి. ఇంకెవరో కూడా వచ్చి చూసుకుపోయారనీ, సాయంత్రంలోపు మాట ఇచ్చెయ్యమనీ అన్నాడు. ఆ ఇల్లు రావాలంటే బాతులన్నీ అమ్మేయాలి. పెంచలయ్య ఆలోచించలేదు. సాయంత్రానికి వ్యాను తెమ్మని బాతుల వ్యాపారికి కబురు పెట్టేశాడు.

చెంగమ్మ గడప మీద చెయ్యేసి చూసుకుంది. బాగుంది. అయినా లోపల ఏదో బెరుకు. తనెప్పుడూ ఇంట్లో బతికింది కాదు. ఇల్లున్న వాళ్ళని ఒక మాట అడిగొస్తానంది.

"ఇంటికి తలుపుంటది, పైన కప్పుంటది. ఇంకేం అడుగుతావే?" అన్నాడు పెంచలయ్య.

అయినా మునెమ్మని చంకనేసుకుని పోయింది. కొత్తోళ్ళ ముందు నోరు పెగలని మనిషి. మొదటింటి ముందు చాలాసేపు ఊరికే నిలబడింది. వెంగమ్మవ్వ దోసెలు పోస్తా చూసి, ఏం కావాలే అని తనే అడిగింది. చెంగమ్మ చెప్పుకుంది. అవ్వ అట్లకాడ పక్కన పెట్టేసింది. ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉందంట. ఒకరు ఇల్లు అమ్ముకుంటుంటే అడక్కుండా నోరెత్తరు. ఎవరన్నా అడిగితే మాత్రం దాచరు. ఇన్నేళ్ళకి అడిగిన మనిషివి నువ్వేనంది. ఒక చెంబుడు నీళ్ళు తీసుకుపోయి ఆ ఇంట్లో పొయ్యమంది.

చెంగమ్మ పోసింది. నీళ్ళు వాకిలి వైపు రావాలి గదా? రాలేదు. గబగబా లోపలికి పాక్కుంటా పోయి, వంటింటి మూల మడుగు కట్టి నిలబడ్డాయి. ఇల్లు వెనక్కి కుంగిపోయి ఉంది. రంగనాయకులు మాత్రం, కాస్త సిమెంటు పోస్తే సరిపోతుందన్నాడు.

ఆ తర్వాత ఎదురింటి మస్తాన్‌బీని అడిగింది. తలుపు రంగు చూసి మురవొద్దనీ, కింద గోరు పెట్టి గోకమనీ చెప్పింది ఆమె. చెంగమ్మ గోకింది. నీలం రంగు పెచ్చులూడి, చెక్క టీలో నానిన రస్కులాగా వేలికి ఊడొచ్చింది. రెండో తలుపూ అంతే. రంగనాయకులు మాత్రం, చెదలు లేని ఇల్లు ఎక్కడుందన్నాడు.

ఆ తర్వాత పక్కింటి కామాక్షమ్మని అడిగింది. ఆమె పప్పు రుబ్బుతా ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, రెండిళ్ళ మధ్య సందులోకి తీసుకుపోయింది.

"ఆయన తన గోడకి సున్నం కొట్టించుకున్నాడు పిల్లా. నా గోడకి కొట్టించడు గదా. నా గోడ చూడు."

చెంగమ్మ చూసింది. గోడ పొడుగూతా ఒక మరక. కింద అంతా బురద రంగు, పైన మామూలు రంగు. మధ్యలో తాడు పట్టి గీసినట్టు ఒక గీత.

"ఇదేంది పెద్దమ్మా?"

"ఏరు. గట్టి వాన కొట్టిన ప్రతిసారీ ఇక్కడిదాకా వస్తది. మాకు మిద్దె ఉంది, పైకెక్కి కూర్చుంటాం. ఆ ఇంటికి మిద్దె లేదు."

చెంగమ్మ మునెమ్మని చంక దించింది. గోడకి ఆనించి నిలబెట్టింది. గీత పిల్ల తల మీద ఉంది. ఇంకా జానెడు పైన ఉంది.

అప్పుడే వీధి చివర వ్యాను హారను మోగింది. పెంచలయ్య బాతుల్ని తోలుకొస్తా ఉన్నాడు. మొగుడికి నలుగురిలో ఎదురు చెప్పి ఎరగదు చెంగమ్మ. ఇప్పుడూ చెప్పలేదు. పోయి చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కొచ్చింది, అంతే. మునెమ్మ ఇంకా గోడకి ఆనుకునే ఉంది, వేలు నోట్లో పెట్టుకుని.

పెంచలయ్య పిల్లని చూశాడు. గీత చూశాడు. చేతిలో కర్ర కింద పడిపోయింది.

రంగనాయకుల్ని అడిగితే, ఆయన మెత్తగానే చెప్పాడు. "నువ్వు అడగలేదు గదా అబ్బయా. అడిగుంటే చెప్పేవాణ్ణి."

వ్యాను ఖాళీగా పోయింది.

అప్పుడు కార్తీక మాసంలో వాన పట్టింది. ఏరు పొంగింది. వీధి జనమంతా మిద్దెలెక్కారు. చెంగమ్మ వాళ్ళు ఊరి ఎగువన దిబ్బ మీద ఉన్నారు. నీళ్ళు కనపడేసరికి బాతులు ఆగుతాయా? బారుగా ఈదుకుంటా వీధిలోకి పోయాయి. నీలం తలుపు ఎప్పుడో విరిగి కొట్టుకుపోయింది. బాతులు గడప మీదుగా ఆ ఇంట్లోకి పోయి, వెనక కిటికీలోంచి బయటికొచ్చాయి. చెంగమ్మ మునెమ్మని గుండెకి అదుముకుని, రెప్ప వెయ్యకుండా చూసింది. తను పసుపు రాద్దామనుకున్న గడప అది.

ఆ తర్వాత ఏడాదికి, గుడ్లమ్మిన డబ్బు కూడబెట్టి, అదే దిబ్బ మీద చిన్న ఇల్లు కొనుక్కున్నారు. కాలవ దూరం. అయినా పెంచలయ్య ఒప్పుకున్నాడు. ముగ్గురు ఆడోళ్ళనీ అడిగి అడిగి కొన్నారు. ఇంక చాలు, ఇల్లు సిగ్గుపడుతుందని వెంగమ్మవ్వ ఎగతాళి చేసింది. చెంగమ్మ మాత్రం చెంబుడు నీళ్ళు పోసి, అవి వాకిట్లోకి వచ్చాకే గడపకి పసుపు రాసింది.

అట్లా ఉండగా ఒక శుక్రవారం చూస్తే, కింద ఇంటికి మళ్ళీ కొత్త సున్నం, కొత్త నీలం తలుపు. రంగనాయకులు ఒక కుర్ర జంటకి ఇల్లు చూపిస్తా ఉన్నాడు. ఆ పిల్ల చంకలో బిడ్డ. వీధిలో అందరూ చూస్తా ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు.

ఎట్లా చెప్పాలి? కట్టుబాటు ఉంది. దానికి తోడు తన నోరు తనకి తెలుసు. అప్పుడు చేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె అట్లాగే పట్టుకుని దిబ్బ దిగింది. కామాక్షమ్మ సందులోకి పోయింది. ఆ గీత పొడుగూతా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పసుపు రాసుకుంటా పోయింది. మధ్య మధ్యలో కుంకుమ బొట్లు పెట్టింది.

ఆ పిల్ల చూసింది. నవ్వొచ్చింది.

"గడపకి గదా అక్కా పసుపు రాసేది? గోడకి రాస్తన్నావేంది?"

అడిగింది గదా. ఇంక చెప్పొచ్చు.

"ఏటికి ఇదే గడప తల్లీ. గట్టి వాన కొడితే ఇక్కడిదాకా వస్తది," అంది చెంగమ్మ.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. గీత చూసింది. తన బిడ్డని చూసుకుంది. బిడ్డని ఇంకో చంకకి మార్చుకుని, మొగుణ్ణి పిలిచింది.

బాతేమో గట్టెక్కి పడుకుంది,
గడపకి పసుపేమో ఆరింది,
కథేమో కంచి దారి పట్టింది,
మన ఇంట్లో మనకి నిద్దరొచ్చింది.