నిండుగా కనిపించిన మనిషి

ఎవరు ఏమడిగినా శరభయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీదే అనుమానం పుట్టేది.

ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న ఓబులేశు ఒకరోజు ఇలా అడిగాడు: "అయ్యా, మనిషి ఒళ్లు చూడగానే ఆరోగ్యం ఎంతుందో తెలుసుకోవడానికి తిరుగులేని గుర్తు ఏదైనా ఉందా?"

అది వానలు మొహం చాటేసిన మూడో ఏడు. వాళ్లుండే మఠం ముంగిట రోజూ పొద్దున్నే జొన్నగంజి కాచి పోస్తున్నారు. శరభయ్యగారు గరిట తెచ్చి ఓబులేశు చేతిలో పెట్టారు.

"రేపటినుంచి నువ్వే పొయ్యాలి. గంజి అందరికీ చాలదు. ముందు ఎవరికి పొయ్యాలో నువ్వే చూసుకో."

ఓబులేశుకు అదేమంత కష్టమనిపించలేదు. డొక్కలు ఎండినవాళ్లను ముందు నిలబెట్టాడు, కాస్త కండపట్టి కనిపించినవాళ్లను వెనక్కి పంపాడు. రెండు రోజుల్లోనే చెయ్యి తిరిగింది. చూపు ఒక్కసారి పైనుంచి కిందికి దింపితే చాలు, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేసేవాడు.

నాలుగో రోజు సుంకులమ్మ అనే ఆవిడ చెంబు పట్టుకుని వచ్చింది. నలభై దాటి ఉంటాయి. గుండ్రటి మొహం, నిండైన చేతులు.

"నీకేమమ్మా, నిండుగా ఉన్నావు. వెనక నిలబడు," అన్నాడు ఓబులేశు.

వరుసలో ఎవరో నవ్వారు. ఆమె సిగ్గుపడిపోయింది. "నిజమే సామీ, మా ఇంట్లో నేనే లావు," అంటూ మెల్లగా వెనక్కి నడిచింది. ఒంటి బరువుతో అలా నడుస్తోందనుకున్నాడతను. ఆమె వంతు వచ్చేసరికి కుండ అడుగు కనిపించింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఆమె రాలేదు.

మూడు రోజులకు ఆమె కోడలు ఈరమ్మ పరుగెత్తుకొచ్చింది. "మా యత్త లేయలేకుండాది సామీ, ఒకసారి రాండి."

గురుశిష్యులిద్దరూ వెళ్లారు. సుంకులమ్మ గోనెపట్టా మీద పడి ఉంది. ఊపిరి అందడం లేదు. శరభయ్యగారు ఆమె మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశారు. అక్కడ గుంట పడింది, పూడలేదు. ఓబులేశును కూడా నొక్కమన్నారు. అతని వేలి గుంట ఆయన వేలి గుంట పక్కనే నిలిచిపోయింది.

"ఏం తింటోందమ్మా?"

"గింజలుంటే పిల్లోళ్లకే పెడతాండె సామీ. తను మాత్రం ఆకులు ఉడకేసుకొని, ఉప్పేసి ఆ నీళ్లే తాగతాండె. రెండు నెలలాయ."

"ఇది కండ కాదు, ఓబులేశూ," అన్నారాయన. "తిండి లేక పట్టిన నీరు."

ఓబులేశు మఠానికి పరుగెత్తి గంజి తెచ్చాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పోశాడు. రెండు గుక్కలు దిగాయి. మూడోది పెదవి చివరినుంచి కారిపోయింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

పూడ్చి వస్తుంటే దారిలో ఓబులేశు ఏడ్చేశాడు.

"ఆ గరిట మీ చేతిలో ఉండుంటే ఆమె బతికేదయ్యా."

శరభయ్యగారు నడక ఆపారు.

"ఆమె వచ్చిన రెండు రోజులూ నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. నాకూ లావుగానే కనిపించింది. లేచి వెళ్లి కాలు పట్టి చూడలేదు."