ఉలిరాజు పిల్లిచెట్టు

అనగనగా ఒక రాజుగారర్రా. ఊఁ కొట్టండి, లేకపోతే కథ అడుగు ముందుకెయ్యదు! ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బాణం వేస్తే గురి తప్పదు. రెండోవాడు ఎక్కలేని కోటగోడ లేదు. మూడోవాడేమో పొద్దస్తమానం ఉలీ, సుత్తీ పట్టుకుని కొయ్యలు చెక్కుతూ కూర్చునేవాడు. అందుకని వాణ్ణి అందరూ ఉలిరాజు అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించనీ! మావాడికి అదే బిరుదు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడని ఒక మాంత్రికుడు. వాడు చంద్రవంక అనే రాకుమారినీ, ఆవిడ మూడు పిల్లుల్నీ ఎత్తుకొచ్చి మేడలో పెట్టాడు. "పున్నమినాటికి నన్ను పెళ్ళాడావా, సరే. లేదా, నువ్వూ నీ పిల్లులూ రాళ్ళయిపోతారు. గడప దాటినా రాళ్ళే!" అన్నాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక పంజరాన్ని నట్టింట్లో కప్పుకి వేలాడదీశాడు. వాడి నోటిమాటే మంత్రం. "చెట్టెక్కి వచ్చిన ప్రాణికి తప్ప ఈ పంజరం ఎవరికీ అందదు" అని మంత్రం వేసి, "నట్టింట్లో చెట్టెలా మొలుస్తుందర్రా? ఎవరొస్తారో రండి!" అని విరగబడి నవ్వాడు.

ఆ సవాలు విని పెద్ద రాకుమారుడు వెళ్ళి పంజరానికి బాణం వేశాడు. బాణం పువ్వై రాలింది. రెండోవాడు వెళ్ళి నిచ్చెన వేశాడు. నిచ్చెన పామై పాకిపోయింది. ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. "మావల్లే కాలేదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట, నీవల్లేమవుతుందిరా?" అన్నారు. ఉలిరాజు వింటేనా! తన చేత్తో కట్టుకున్న పడవలోనే ఏడు సముద్రాలూ దాటేశాడు.

మేడలో అడుగు పెడితే ఏముంది? తెరలన్నీ పీలికలు. పరుపులన్నీ దూది. చంద్రవంక చేతుల నిండా పిల్లిగోళ్ళ గీరలు.

"వీటి తప్పేం లేదండీ" అంది చంద్రవంక. "ఎక్కడానికి చెట్టు లేదు, గీకడానికి మాను లేదు. పాపం, ఈ నాలుగు గోడల మధ్య ఏం చేస్తాయి?"

చారల పిల్లి సివంగి ముందుకొచ్చింది. "మాకో చెట్టు కట్టు బాబూ. మా కాళ్ళ దురద తీరుతుంది, నీ పనీ అవుతుంది" అంది. ఏం, కథలో పిల్లులు మాట్లాడవూ?

ఉలిరాజు సంబరంగా పని మొదలెట్టాడు. మొదట బయట నుంచి ఒక మాను తెచ్చి, నట్టింట్లో పంజరం కింద నిలబెట్టాడు. తెల్లపిల్లి ఎగిరి దూకేసరికి మానూ పిల్లీ దభీమని పడ్డాయి. అడుగుపీట మరీ చిన్నదయింది! రెండోసారి వెడల్పాటి పీట వేసి, దాని మీద తిరగలిరాయి బిగించాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ రాచనగరు పని అలవాటు కదా, మానుని నున్నగా చిత్రిక పట్టి, లక్క పూసి, తళతళా మెరిపించాడు. నల్లపిల్లి సగం ఎక్కి జర్రున జారి కూలబడింది.

"సింహాసనం కాళ్ళకి బాగుంటుంది బాబూ, మా కాళ్ళకి కాదు" అంది సివంగి.

ఉలిరాజుకి రోషమొచ్చింది. పడవకున్న కొబ్బరిపీచు తాళ్ళన్నీ విప్పుకొచ్చి, మానుకి కింది నుంచి పైదాకా సందు లేకుండా చుట్టాడు. పిల్లి దూకు ఎంతో చూసుకుని, అటొక పలకా ఇటొక పలకా బిగించాడు. ఇంక చూడండి! మూడు పిల్లులూ ఎక్కాయి, దిగాయి, మళ్ళీ ఎక్కాయి, కరకరా గీకాయి. చంద్రవంక ఎన్నాళ్ళకో పకపకా నవ్వింది.

అయితే సివంగి పైపలక మీంచి పంజరం కోసం దూకేసరికి, పంజరం సర్రున పైకి లేచిపోయింది.

"ఇది చెట్టని మంత్రం ఒప్పుకోవడం లేదు" అంది చంద్రవంక, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "ఇవాళే పున్నమి."

"ఒప్పుకోకపోతే ఒప్పిద్దాం" అన్నాడు ఉలిరాజు.

ఇంతలో కరాళుడు రానే వచ్చాడు. "ఒరే, ఏమిట్రా ఈ దుంగ?"

ఉలిరాజు చేతులు జోడించాడు. "తమ పెళ్ళికానుక స్వామీ! ఇంతవరకు లోకంలో ఎవరూ చెయ్యలేదు, అందుకే దీనికి పేరు లేదు. నేనా చదువురాని మొద్దుని. తమంతటి పండితులు పేరు పెడితే నా జన్మ ధన్యం."

మునగచెట్టెక్కించడం అంటే ఇదేనర్రా! కరాళుడు మీసం దువ్వుకుంటూ దాని చుట్టూ తిరిగాడు. "మాను ఉంది, కొమ్మలున్నాయి, పిల్లులు ఎక్కుతున్నాయి... ఆఁ! పిల్లిచెట్టు! ఎలా ఉంది?"

"ఆహా, ఏం పేరు స్వామీ! మరొక్కసారి, గట్టిగా!"

"పిల్లిచెట్టు!"

వాడి నోటిమాటే మంత్రం కదా. పంజరం ఈసారి కదల్లేదు. సివంగి ఒక్క దూకున అందుకుని చిలుక మెడ పట్టేసింది. "చెట్టు కాదే, దుంగే!" అని అరవబోయి, అరుపు సగంలోనే కరాళుడు బూడిదకుప్పై రాలాడు. పిల్లికి చెలగాటం, మాంత్రికుడికి ప్రాణసంకటం!

తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. బయట మామిడిచెట్లు, వేపచెట్లు, చింతచెట్లు. పిల్లులు పరుగున వెళ్ళి ఒక్కో మానూ గీకి చూశాయి. తర్వాత తోకలు నిక్కబొడుచుకుని తిరిగొచ్చి, పిల్లిచెట్టెక్కి హాయిగా పడుకున్నాయి.

ఉలిరాజు ఛాతీ ఇంత పొంగింది. "నాకింక ఏ కిరీటమూ అక్కర్లేదు!" అన్నాడు.

"నాకు కావాలిగా" అంది చంద్రవంక.

అలా వాళ్ళ పెళ్ళి అంగరంగవైభవంగా జరిగింది. వాళ్ళు చల్లగా నూరేళ్ళు రాజ్యమేలారు. ఆ రాజ్యంలో పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లిచెట్టు ఉండేది. ఎవరింట్లో కట్టినా రాజుగారే స్వయంగా వెళ్ళి, కిరీటం పక్కన పెట్టి, మొదటి మేకు కొట్టి వచ్చేవారు.

కథ కొమ్మెక్కి కూర్చుంది. మీరిక మంచాలెక్కండి.