పక్క భుజం

మూసీ కాలువ ఒడ్డునున్న ఒక చిన్న పట్నంలో, తన కష్టానికి కారణం ఫలానావాడని ఎవరైనా చెబితే చాలు, వెనకాముందూ చూడకుండా నమ్మేసే పోశాలు అనే హమాలీ ఉండేవాడు. అతను రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు.

ఆ ఏడు మిల్లు సేటు బీహారు నుంచి కూలీలను తెప్పించి, మిల్లు వెనక రేకుల షెడ్లలో పెట్టాడు. వాళ్ళకు తక్కువ కూలి ఇచ్చి, వాళ్ళను చూపించి పాతవాళ్ళకూ తగ్గించాడు. "గిట్టకపోతే పోండి, నాకు మనుషులున్నారు" అనేవాడు. పోశాలు ఇంట్లో పిల్లలకు పాలు మానిపించారు. భార్య యాదమ్మ బీడీలు చుట్టడానికి కూర్చుంది.

ఆ బీహారు కూలీల్లో పోశాలుకు జోడీగా పడినవాడు రామాశీష్. ఇద్దరూ చెరో కొస పట్టి బస్తాలు లేపేవారు. వచ్చీరాని తెలుగులో అతను ఒకనాడు నెమ్మదిగా అన్నాడు.

"పోశాలన్నా, సేటు మనల్ని ఒకరితో ఒకరిని కొడుతున్నాడు. మీరూ మేమూ కలిసి పని ఆపుదాం. అందరికీ ఒకే కూలి అడుగుదాం."

మాట నిజమేననిపించింది. "చూద్దాంలే" అన్నాడు పోశాలు.

ఆ వారమే చౌరస్తాలో సభ జరిగింది. ఎన్నికల్లో నిలబడిన వీరభద్రం మైకు పట్టుకుని, "మీ పిల్లల నోటికాడి కూడు ఎవడు గుంజుకున్నాడు? బయటోడు కాదా? వాణ్ణి పంపితే మీ పని మీకొస్తుంది!" అని అరిచాడు. వేదిక మీద పక్క కుర్చీలో మిల్లు సేటే కూర్చుని ఉన్నాడు. పోశాలు సేటును చూశాడు. కానీ అప్పటికే అతని రక్తం ఉడుకుతోంది. అందరితోపాటు అతనూ చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే గుంపు షెడ్ల మీద పడింది. గుంపులో పోశాలును చూడగానే రామాశీష్ ముఖం వెలిగింది.

"అన్న వచ్చాడు! ఇంక భయం లేదు" అని తనవాళ్ళతో అంటూ ఎదురొచ్చాడు.

పోశాలు తల పక్కకు తిప్పుకున్నాడు. ఎవడిదో కర్ర రామాశీష్ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పోశాలుకు వినిపించింది. మధ్యాహ్నం రైలుకు వాళ్ళంతా వెళ్ళిపోయారు. బస్తాలు మోసి బతికే రామాశీష్ ఆ భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

పాత హమాలీలు కూలి పెంచమని సేటు దగ్గరికి పోయారు. సేటు నవ్వాడు. కోతలకు ముందే మిల్లులో బస్తాలు మోసే బెల్టు యంత్రం దిగింది. కొబ్బరికాయ కొట్టింది గెలిచిన వీరభద్రమే. నలుగురిని ఉంచుకుని మిగతావాళ్ళను మానిపించారు. పోశాలు ఆ నలుగురిలో లేడు.

అతను వీరభద్రం ఇంటికి పరుగెత్తాడు. "బయటోళ్ళను పంపితే మా పని మాకొస్తుందన్నారు గదా, అన్నా!"

"మనుషులైతే తరిమాం పోశాలూ," అన్నాడు వీరభద్రం, కారెక్కుతూ. "యంత్రాన్ని ఎక్కడికి తరమమంటావు?"

పోశాలు మళ్ళీ మిల్లు గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. లోపల బెల్టు ఆగకుండా తిరుగుతోంది. కలిసి అడుగుదామని పిలిచిన మనిషి ఇప్పుడు ఏ ఊళ్ళో, ఎలా బతుకుతున్నాడో చెప్పేవారు కూడా లేరు.

నీతి: కడుపు కొట్టినవాడిని వదిలి, పక్కన ఆకలితో ఉన్నవాడిని కొడితే ఇద్దరి కడుపులూ మాడతాయి.