బ్యాంకులో చేరిన నాన్న

చీరాలలో భావన అనే అమ్మాయి ఉండేది. తెలివైనదే గానీ, ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నలుగురూ నవ్వుతారని తెగ భయపడేది.

ఆమె తండ్రి మార్కండేయులు చీరలు నేసేవాడు. మోకాళ్లు పట్టేసినా పొద్దున్నే మగ్గం ముందు కూర్చునేవాడు. కూతురికి ఉద్యోగం వస్తే కాస్త నడుం వాల్చవచ్చని ఆశపడి, ఆమెను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించాడు.

అక్కడి మాస్టారు రోజూ చేసే పనుల గురించి ఒక పాఠం రాసిచ్చారు. "మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్. హీ గోస్ టు ఆఫీస్ ఎట్ నైన్." నాన్న ఒక్కరే కాబట్టి క్రియ చివర ఎస్ రావాలని చెప్పి, "మీ నాన్నగారు చేసే పని పెట్టి మీరే రాసుకోండి" అన్నారు. భావన రాయబోయింది. నేతకు ఏ మాట వాడాలో, దాని చివర ఏం చేర్చాలో తేల్చుకోలేకపోయింది. ఎందుకొచ్చిన తంటా అనుకుని మాస్టారి పాఠాన్నే ఉన్నదున్నట్టు బట్టీ పట్టింది. ఆ క్లాసులో సగం మంది నాన్నలు అలాగే బ్యాంకులో చేరిపోయారు.

కొన్నాళ్లకు ఊళ్లోని ఒక చేనేత దుకాణంలో, విదేశీయులతో మాట్లాడే అమ్మాయి కావాలన్నారు. మార్కండేయులు కూతుర్ని సైకిలు మీద తీసుకెళ్లి, తాను బయట కూర్చున్నాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని దుకాణం యజమానురాలు విమలాంబ ఇంగ్లీషులో అడిగింది. భావన గడగడా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు.

"చక్కగా మాట్లాడావమ్మా. కానీ నాకు నేతపని తెలిసిన ఇంటి పిల్ల కావాలి. వచ్చినవాళ్లు చీర ఎలా నేస్తారనే అడుగుతారు" అంది విమలాంబ.

అప్పజెప్పింది అబద్ధమని ఒప్పుకునే ధైర్యం భావనకు లేకపోయింది. నమస్కారం పెట్టి లేచింది. సాగనంపడానికి బయటికొచ్చిన విమలాంబ మార్కండేయుల్ని చూసి, "మీరు బ్యాంకులో పనిచేస్తారటగా?" అంది.

ఆయన కూతురి ముఖం వైపు చూశాడు. "అవునండీ" అన్నాడు, కాయలు కాచిన చేతులు వెనక్కి పెట్టుకుంటూ.

ఆ మాట విని భావన తట్టుకోలేకపోయింది. "కాదండీ! మై ఫాదర్ వీవ్ శారీస్. హీ వీవ్ ఎవ్రీ డే!" అని ఏడ్చేసింది.

ఈసారి క్రియ చివర ఎస్ ఎక్కడా లేదు. విమలాంబ నవ్వలేదు. "ఆ తప్పు వారంలో దిద్దవచ్చు. నమ్మకం కుదరడానికే టైము పడుతుంది. నెల రోజులు మీ నాన్న పక్కన కూర్చుని, ఆయన పని గురించి నీ మాటల్లో రాసుకుని రా. అప్పుడు చూద్దాం" అంది.

దారిలో మార్కండేయులు, "వీవ్ అంటే ఏందమ్మా?" అని అడిగాడు.

"నేయడం, నాన్నా."

"మాట బాగుంది" అన్నాడాయన.

మాటలో దొర్లిన తప్పును రేపైనా దిద్దుకోవచ్చు గానీ, తప్పుకు భయపడి చెప్పిన అబద్ధం మనల్ని ప్రేమించేవాళ్లకే ముందు తగులుతుంది.