ఎడమ చేతి అక్షరాలు

యామినికి ఒకటే బాధ. ఊరంతా మెచ్చుకుంటుంది, ఏసుపాదం మాస్టారు మాత్రం మెచ్చుకోరు.

మాస్టారు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకుని రిటైరయ్యారు. ఇప్పుడు చీరాలలో ఓ సందులో చిన్న షాపు. పాతబడి మూలుగుతున్న కంప్యూటర్ ఏది తెచ్చినా లినక్స్ ఎక్కించి, మళ్లీ నడిచేలా చేసి పంపిస్తారు. లినక్స్ అంటే ఒకటే రకం కాదు. ఎవరికి తోచిన తీరున వాళ్లు కూర్చి, ఓ పేరు పెట్టి, ఊరికే ఇచ్చేస్తుంటారు. వాటిని డిస్ట్రోలంటారు. అవి బోలెడు.

ఆ బోలెడులో ఏది మంచిదో, ఏది కాదో చెప్పడం యామిని పని. పొద్దున పూట యూట్యూబుకి వీడియోలు చేస్తుంది. దీనికి నాలుగు నక్షత్రాలు, దానికి మూడున్నర. ఇంకోదానికి రెండే, అదీ “ఇది మన అమ్మలకి పనికిరాదండీ” అని మూతి విరిచి మరీ. మధ్యాహ్నం నుంచి మాస్టారి దగ్గర పని నేర్చుకుంటుంది.

ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

“మాస్టారూ, ఇన్ని డిస్ట్రోలు చూశాను. నా వీడియో ఒక్కటి కూడా బాగుందని మీ నోట రాలేదు. పోనీ మీరే చెప్పండి, అన్నిట్లోకీ ఏది మంచిది?”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

“ఎవరికి?” అన్నారు.

అంతే. మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నారు. యామినికి ఒళ్లు మండిపోయింది. జవాబు తెలియక ఎదురు ప్రశ్న వేశాడు పెద్దమనిషి అనుకుంది. పైకి అనలేదనుకోండి.

మాస్టారికి ఇంకో చాదస్తం కూడా ఉంది. కంప్యూటర్ తెచ్చినవాళ్లని ముందు దాని ఎదురుగా కూర్చోబెడతారు. “రోజూ ఏం చేస్తారో అది చెయ్యండి” అని తను వెనక స్టూలు మీద కూర్చుంటారు. ఆ మనిషి ఏం తెరుస్తాడు, చెయ్యి ఎటు పోతుంది, ఎక్కడ తడుముకుంటాడు, అన్నీ చూస్తారు. మాట్లాడరు. ఆ చూడ్డం అయ్యేదాకా మిషన్ మీద చెయ్యి వెయ్యరు, యామినిని వెయ్యనివ్వరు. ఈలోపు తనైతే రెండు మిషన్లు పూర్తి చేసేదాన్నని యామిని లోలోపల గొణుక్కునేది.

ఇలా ఉండగా మాస్టారు కంటి ఆపరేషన్‌కని గుంటూరు వెళ్లారు. షాపు యామిని చేతికొచ్చింది.

అప్పుడొచ్చారు కాంతిమతి గారు. యాభై దాటిన మనిషి. వెనకే ఆటో అతను మోసుకొచ్చిన కంప్యూటర్, ఎప్పుడో మాస్టారు లినక్స్ ఎక్కించిందే. ప్రెస్సుల కోసం ఇంట్లోనే తెలుగు టైపు చేస్తారు. పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, దినాల కార్డులు. ఆ టైపే ఆమెకి కూడు పెట్టేది. మిషన్ బాగా నెమ్మదించిందనీ, మెయిల్ కూడా తెరుచుకోవట్లేదనీ చెప్పారు.

“నన్ను కూర్చోమంటావా అమ్మా? మాస్టారు కూర్చోబెడతారుగా.”

“అక్కర్లేదు ఆంటీ, నాకు తెలుసు. సాయంత్రానికి కొత్తదైపోతుంది, చూడండి!”

ఆమె కుడి చెయ్యి కొంగు కిందే ఉంది. వచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది. యామిని చూడలేదు. చూసే తీరికెక్కడిది, కెమెరా సర్దుకోవాలిగా.

ఆమె ఫొటోలు, పాటలు, కార్డుల ఫైళ్లు, కంటికి కనపడినవన్నీ జాగ్రత్తగా పెన్‌డ్రైవులోకి దింపుకుంది యామిని. డిస్కు మొత్తం తుడిచేసింది. తను నాలుగున్నర నక్షత్రాలిచ్చిన డిస్ట్రో ఎక్కించింది. నిజం చెప్పాలంటే పని శుభ్రంగానే చేసింది. మిషన్ పరుగెత్తింది. ఆ పరుగంతా వీడియో తీసి పెడితే జనం ఒకటే పొగడ్తలు.

నాలుగు రోజులు పోయాక కాంతిమతి గారు మళ్లీ వచ్చారు. కోపంగా ఏమీ లేరు. ఏదో తన వల్లే తప్పు జరిగినట్టు, మొహమాటంగా గుమ్మంలోనే నిలబడ్డారు.

“అక్షరాలు రావట్లేదమ్మా.”

“తెలుగు వేసే ఇచ్చాను కదా ఆంటీ. ఇదిగో చూడండి,” అని యామిని షాపులో మిషన్ మీద రెండు చేతులతో టకటకా కొట్టి చూపించింది.

కాంతిమతి గారు కొంగు కింద నుంచి కుడి చెయ్యి బయటికి తీశారు. ఎడమ చేత్తో పట్టుకుని తియ్యాల్సి వచ్చింది. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

“పక్షవాతం వచ్చిందమ్మా. ఇంక టైపు లేదనుకుని ఏడుస్తుంటే మా వినీల, మా అమ్మాయి, కూర్చుని మొత్తం మార్చేసింది. తెలుగంతా ఎడమ చేతి కిందికే తెచ్చి పెట్టింది. ఒత్తులు, గుణింతాలు, అన్నీ. అవి ఎక్కడున్నాయో కాస్త చూసి పెట్టవూ?”

“వినీల గారిని ఒకసారి అడిగితే...” అనబోయి యామిని ఆ కళ్లు చూసి ఆగిపోయింది.

“జ్వరమొచ్చి పోయిందమ్మా. రెండేళ్లవుతోంది.”

అప్పుడు వెలిగింది యామినికి. లినక్స్‌లో పేరుకి ముందు చుక్క పెట్టిన ఫైళ్లు మామూలుగా కంటికి కనపడవు. మనిషి తన అలవాటుకి తగ్గట్టు మార్చుకున్నవన్నీ ఆ చుక్క చాటునే ఉంటాయి. ఈ సంగతి ఆమెకి తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ వీడియోల కోసం ఎప్పుడూ ఖాళీ మిషన్ల మీదే ఎక్కిస్తుంది. ఖాళీ ఇంట్లో సామాను దింపడం అలవాటైపోయి, ఇది కాపురమున్న ఇల్లని మర్చిపోయింది.

మిషన్ తెప్పించి, తుడిచిన డిస్కుని వెనక్కి రాబట్టే పనిముట్లన్నీ వాడి చూసింది. ఎప్పటివో సగం చెడిన ఫొటోలొచ్చాయి. కావలసింది రాలేదు. దాని మీద కొత్త డిస్ట్రో ఎక్కి కూర్చుంది మరి. వీడియో తీసేసింది.

మాస్టారు నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చారు. యామిని జరిగిందంతా చెప్పింది. చివర్లో ఏడుపొచ్చేసింది.

మాస్టారు ఆమె కూర్చున్న స్టూలు వంక చూశారు. “నువ్వు కూర్చున్న స్టూలు వినీలదే,” అన్నారు. “నీకంటే ముందు నా దగ్గర పని నేర్చుకుంది. ఆ ఎడమ చేతి బటన్లు ఇక్కడ కూర్చునే సర్దింది. కుడి చెయ్యి వెనక్కి కట్టుకుని, ఒంటి చేత్తో కొట్టి చూసుకునేది. నేను నవ్వేవాణ్ణి.”

“నన్ను తిట్టండి మాస్టారూ.”

“తిడితే వస్తాయా అవి? నీ ల్యాప్‌టాప్ తీసుకో, కాంతిమతి గారి మిషన్ కూడా ఆటోలో పెట్టించు. పద.”

కాంతిమతి గారింట్లో కంప్యూటర్ బల్ల మీద ప్రెస్సు వాళ్లు పంపిన కాగితాలు అలాగే ఉన్నాయి. మాస్టారు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టారు. మానిటర్ ఆపేశారు. కీబోర్డు తీగ మిషన్ నుంచి ఊడబీకి, ఉత్త కీబోర్డుని ఆమె ముందుకి జరిపారు. స్టూలొకటి ఆమె వెనక వేసి, యామినిని కూర్చోమన్నారు.

“వినీల మొదట్లో మీ చేత ఏం కొట్టించేదమ్మా?”

కాంతిమతి గారికి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లు నిండాయి.

“ఏముంది మాస్టారూ, కూర. ఇవాళ కూరేంటో కొట్టు, అప్పుడే అన్నానికి లేస్తానని మొండికేసేది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా సరే.”

“అయితే కూరే కొట్టండి.”

ఆమె కీబోర్డు వంక చూస్తూ ఉండిపోయారు. “గ ఎక్కడుందో గుర్తు లేదండీ.”

“మీరు గుర్తు చేసుకోకండి. వినీల అన్నానికి లేవాలి.”

కాంతిమతి గారు కళ్లు మూసుకున్నారు. ఎడమ చెయ్యి కదిలింది. నోటితో నెమ్మదిగా “గోంగూర” అన్నారు, వేళ్లు ఆ మాటని కొట్టుకుంటూ పోయాయి. యామిని ఆ వేళ్లనే చూసింది. చూపుడు వేలు గ మీద. ఉంగరం వేలు పైకెళ్లి ఓత్వం. బొటనవేలు ఆల్ట్ బటన్ మీద ఆని, పక్క వేలితో సున్నా. చూసింది చూసినట్టు తన ల్యాప్‌టాప్‌లో, ఏ బటన్‌కి ఏ అక్షరమో ఎక్కించుకుంటూ పోయింది.

బచ్చలికూర. దొండకాయ వేపుడు. చేపల పులుసు. “అబ్బ, చేపల పులుసంటే ప్రాణం దానికి,” అని కాంతిమతి గారు మధ్యలో ఆగి, ముక్కు చీది, మళ్లీ కొట్టారు. అక్షరం విడిగా అడిగితే ఆమెకి తెలియదు. మాట అడిగితే చెయ్యి చెబుతోంది.

కూరల్లో దొరకని అక్షరాలకి పెళ్లికార్డులు పట్టుకున్నారు. కల్యాణంలో ణ దొరికింది. శుభముహూర్తంలో భ, హ దొరికాయి.

“ఠ కావాలి ఆంటీ,” అంది యామిని.

“జ్యేష్ఠ పుత్రిక,” అన్నారామె. వేళ్లు సగంలో ఆగాయి. కాసేపటికి మిగతా సగం కొట్టారు. ఆ మాట ఎవరెవరి కూతుళ్ల కోసమో కొన్ని వందల కార్డుల మీద కొట్టిన చెయ్యి అది. యామిని తలెత్తలేకపోయింది.

మధ్యాహ్నానికి ఎడమ వైపు బటన్లన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. పైవరసలో మూలన, ఒకటి అంకెకి పక్కనున్న బటన్. ఆమె వేలు ఒక్కసారి కూడా అటు పోలేదు.

“ఇదేంటి ఆంటీ?”

కాంతిమతి గారు చెయ్యి ఒళ్లోకి తీసుకున్నారు.

“అది నేనెప్పుడూ నొక్కలేదమ్మా. ‘అది మాత్రం ఇప్పుడే నొక్కకు, నీకు అన్నీ వచ్చాక చెప్తా’ అంది. నాకు అన్నీ వచ్చేలోపే పిల్ల వెళ్లిపోయింది. తర్వాత నొక్కుదామనే అనుకున్నాను. చెయ్యి రాలేదు. నొక్కేస్తే ఇంక అది నాకు చెప్పాల్సింది ఏదీ మిగలదు కదమ్మా. ఆ బటన్ ఎక్కడికి పోతుందిలే, ఇక్కడే ఉంటుంది, ఇంకో రోజు చూద్దాం అనుకుంటూ వచ్చాను.”

ఆమె చేతికి తెలిసిందంతా వెనక్కి వచ్చింది. ఆమె చేతికి తెలియనిది ఒక్క వినీల ఫైల్లోనే ఉండేది. దాన్ని తుడిచింది తను.

మాస్టారు కీబోర్డు తీగ మళ్లీ తగిలించారు. మానిటర్ వేశారు. యామిని తను చేసింది అందులోకి ఎక్కించింది.

కాంతిమతి గారు కొట్టారు. తెర మీద గోంగూర అని వచ్చింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత చిటికెన వేలు మెల్లగా పైకి పోయింది. మూల బటన్ నొక్కారు.

ఏమీ రాలేదు. గోంగూర పక్కన గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

“ఏం లేదు,” అన్నారామె, మెల్లగా.

“ఆంటీ, నేను పెడతాను. మీకేది కావాలంటే అది. వినీల గారి పేరు పెట్టనా? ఒక్కసారి నొక్కితే చాలు, పేరంతా వచ్చేస్తుంది,” అంది యామిని ఏడుస్తూనే.

“ఏమీ పెట్టకు,” అన్నారు మాస్టారు.

“అలా వదిలేస్తే పాడైపోయిందనుకుంటారు మాస్టారూ.”

“ఎవరు?” అన్నారాయన.

యామిని కాంతిమతి గారి వైపు చూసింది. ఆమె మళ్లీ ప్రెస్సు కాగితం ఒకటి ముందుకి లాక్కున్నారు. చిటికెన వేలు మాత్రం ఆ మూల బటన్ మీదే ఉంది. నొక్కలేదు, ఊరికే ఆనించి ఉంచారు.

యామిని ల్యాప్‌టాప్ మూసేసింది.