పోలమ్మ పిడికిలి

మీ తాతలకి తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న రోజుల్లో, కొండకీ ఏటికీ మధ్య ఒక సంత ఉండేది. వారానికోసారి చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా తట్టలు నెత్తిన పెట్టుకుని అక్కడికి వచ్చేవాళ్ళు.

ఆ సంతకి ఒక దొర. ఆ దొర పెట్టిందొక రివాజు. అమ్ముకోడానికి కూర్చున్నవాళ్ళు తట్టకి పిడికెడు సరుకు దొరకి ఇచ్చుకోవాలి. పిడికెడే కదా అంటారా? ఆగండి మరి. ఆ పిడికిలి పట్టడానికి దొర ఊళ్ళన్నీ వెతికించి గున్నయ్యని పెట్టుకున్నాడు. గున్నయ్యది చెయ్యి కాదు, చేట. ఒకసారి ముంచాడంటే సగం తట్ట ఖాళీ. మిగిలిన సగంతో పిల్లల కడుపు నిండేదెలా? అందరూ లోపల తిట్టుకునేవాళ్ళు, పైకి దండం పెట్టేవాళ్ళు.

కొండవార గూడెం నుంచి పోలమ్మ అనే పిల్ల బొబ్బర్లు తెచ్చేది. ఇంకా పెళ్ళి కాని పిల్ల, నోటికి మాత్రం జంకు లేదు. ఒక సంతనాడు గున్నయ్య వంగేసరికి తట్ట మీద రెండు చేతులూ బోర్లించింది.

"లాక్కుంటే గింజ కూడా ఇవ్వను. అడిగితే పిడికెడు నానే పెడతాను," అంది.

గున్నయ్య ఒక్క తాపు తన్నాడు. బొబ్బర్లన్నీ మట్టిపాలు. పక్కనే ఉల్లిపాయలమ్మే ముసలి సోములమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది. ఒక్కరూ లేవలేదు.

పోలమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే గింజలు ఏరుకుంది. మర్నాటి నుంచి పల్లె పల్లెకీ, గడప గడపకీ తిరగడం మొదలుపెట్టింది. వాళ్ళతో కూర్చుని చింతపిక్కలు తీసేది, చంటిపిల్లల్ని ఎత్తుకునేది, లేచేముందు సంతలో గున్నయ్యతో అన్న అదే మాట చెప్పేది. కొందరు అంబలి పోశారు. కొందరు కుక్కని ఉసిగొల్పారు. సోములమ్మ గడపకైతే మూడుసార్లు వెళ్ళింది.

"నీకేటే గుంటా, ఒంటిదానివి. నా మనవలకి కూడెవలెడతారు?" అంది సోములమ్మ మూడోసారి.

"ఆళ్ళ కోసమే మామ్మా," అంది పోలమ్మ.

తర్వాతి సంతలో మిరపకాయలామె, చింతపండామె చేతులు బోర్లించారు. ఆ తట్టలూ తన్నాడు గున్నయ్య. ఆపై సంతలో సగం మంది బోర్లించారు. ఎన్నని తన్నుతాడు పాపం? కాలు నొప్పెట్టి, కుంటుకుంటూ ఖాళీ చేతుల్తో దొర దగ్గరికి పోయాడు.

అంతలో వానలొచ్చాయి. తడుస్తూ పల్లెలు తిరిగిన పోలమ్మకి జ్వరం తగిలింది. మళ్ళీ లేవలేదు. ఎంత వయసని! కుక్కని ఉసిగొల్పినవాళ్ళు కూడా ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

దొర మాత్రం మీసం దువ్వాడు. "ఆ గుంట పోయింది. ఇంకెవలడ్డం? పోరా గున్నయ్యా!"

సంతలో పోలమ్మ చోటు ఖాళీగా ఉంది. గున్నయ్య ఆ పక్కనే ఉన్న సోములమ్మ తట్ట మీదికి వంగాడు. ఈ ముసలిది ఇచ్చేసిందా, అందరూ ఇచ్చేసినట్టే. పోలమ్మ తిరిగిందంతా వృథా.

సోములమ్మ ఆ ఖాళీ చోటు వైపు చూసింది. రెండు చేతులూ తట్ట మీద బోర్లించింది.

"లాక్కుంటే గింజ కూడా ఇవ్వను," అంది.

ఉల్లిపాయలకి గింజేమిటని ఎవరూ నవ్వలేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సంతలో ఉన్న ప్రతి తట్ట మీదా చేతులు బోర్లాపడ్డాయి.

గున్నయ్య కాలెత్తాడు. అటూ ఇటూ చూసి దించేశాడు. ఇన్నేళ్ళూ ముంచిందంతా దొర గాదెలోకే పోయింది గాని వాడి ఇంటికేం చేరింది? మెల్లగా ఆ చేటంత చెయ్యి చాపాడు.

"మా ఇంట్లోనూ పిల్లలున్నారు మామ్మా. పిడికెడెడతావా?"

సోములమ్మ తన చిన్న పిడికిలి నిండా తీసి ఆ చేతిలో పోసింది. "ఇది నాది కాదు నాయనా. పోలమ్మ పిడికిలి."

వాడు మరి దొర గుమ్మం ఎక్కలేదు. అంత చెయ్యి దొరకి మళ్ళీ దొరకలేదు, ఆ రివాజూ అంతటితో పోయింది.

ఇప్పటికీ ఆ సంతలో తట్ట దించగానే దాని మీద ఒక్క క్షణం రెండు చేతులూ బోర్లిస్తారు. ఆ తర్వాతే బేరం. తూకం అయ్యాక ఎంత పిసినారైనా పైన పిడికెడు వేస్తాడు. మరిచిపోయాడా, చంకనున్న చంటిది కూడా చెయ్యి చాపి అడుగుతుంది: "పోలమ్మ పిడికిలేదీ?"

అడిగాక ఇవ్వనివాళ్ళు ఆ సంతలో లేరు.