ఏటి నడుమ బండి

పీరయ్య మూట కట్టుకున్నాడు. ఒక కంబళి, ఒక చెంబు. అంతే.

"తాతా, నేను కొండ గుహకు పోతా. ఈ మనుషుల మధ్య ఇంక నా వల్ల కాదు. నిన్న సంతలో ఒక అవ్వ సొమ్మసిల్లి పడిపోతే సంత సంతంతా చూస్తూ నిలబడింది. 'ఎవరన్నా రండయ్యా' అని గొంతు చించుకున్నా. ఒక్కడు కదిలితే ఒట్టు. వీళ్లకు గుండె లేదు."

మస్తాన్ తాత ఆ ఊరి దర్గాలో ఫకీరు. పీరయ్య చాలా ఏళ్లుగా ఆయన శిష్యుడు. తాత వద్దనలేదు. చేతికర్ర అందుకున్నాడు.

"పద, ఏటి దాకా సాగనంపుతా."

ఏటిగట్టు నిండా జనం. పైన ఎక్కడో వాన పడింది, ఎర్రనీళ్లు చూస్తుండగానే పెరుగుతున్నాయి. ఏటి నడుమ మద్దిలేటి బండి ఇసుకలో కూరుకుపోయింది. పుట్టింట్లో పురుడు పోసుకొని వస్తున్న అతని భార్య, పసిబిడ్డను గుండెకు అదుముకొని బండిలో నిలబడి ఉంది. మద్దిలేటి ఎంత అదిలించినా ఎద్దులు కదలడం లేదు; వాటి పొట్టలకు నీళ్లు తగులుతున్నాయి.

ఏరు దాటించే పుట్టివాళ్లు తెడ్లు పట్టుకొని చూస్తున్నారు. "బండి సంగతి రైతులకు తెలుస్తుందిలే" అన్నారు.

రైతులు మోకుతాళ్లు భుజానేసుకొని చూస్తున్నారు. "నీళ్ల సంగతి పుట్టోళ్లది గదా" అన్నారు.

"ఎవరన్నా పోండయ్యా!" పీరయ్య అరిచాడు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూసినావా తాతా?"

తాత కర్ర ఎత్తి ఒకడి వైపు చూపాడు. "ఎర్ర తలపాగా నాయనా! నీ పేరేంది?"

వాడు ఉలిక్కిపడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కర్ర తన మీదే ఉంది.

"సుంకన్న, తాతా."

"సుంకన్నా, ఎడమ చక్రం నీది."

తలపాగా గట్టు మీద పడింది. సుంకన్న ఏట్లో దూకాడు.

"తెడ్డు పట్టుకున్న పెద్దాయనా! తల్లీబిడ్డా నీవాళ్లు."

పుట్టి నీళ్లలోకి జారింది.

"మీసాలాయనా! ఆ మోకు కాడిమానుకు కట్టు."

ఇంకొకరిని పిలిచే పని పడలేదు. గట్టంతా ఏట్లోకి దిగింది.

కర్ర మాత్రం దిగలేదు. మెల్లగా తిరిగి పీరయ్య రొమ్ముకు తగిలింది.

"పీరయ్యా, కుడి చక్రం."

నిన్న సంతలో తనూ ఆ గుంపులోనే నిలబడి అరిచిన సంగతి పీరయ్యకు గుర్తొచ్చింది. మూటతో సహా నీళ్లలోకి ఉరికాడు. చక్రం జారుతుంటే మూటను దాని కిందికి తోసి భుజం ఆనించాడు.

"ఐలెస్సా!"

బండి కదిలింది. మళ్లీ కదిలింది. ఒక్క ఊపున గట్టెక్కింది. ఈలలు, కేకలు. మద్దిలేటి ఎద్దుల మెడలు కౌగిలించుకొని ఏడ్చాడు. అప్పటికే ఒడ్డు చేరిన పసిబిడ్డ అందరికంటే గట్టిగా ఏడ్చింది.

"మా మోకు లేకుంటే నీ పుట్టి ఏం చేసేది మామా?"

"పోరా, బిడ్డను తెచ్చిందెవరు?"

తాత పీరయ్య వైపు చూశాడు. "పొద్దు పోతుంది, బయల్దేరు. మూటేదీ?"

"చక్రం కింద పెట్టినా తాతా."

పీరయ్య గట్టు మీది ఎర్ర తలపాగా తీసి, మట్టి దులిపి, సుంకన్న చేతికిచ్చాడు.

"సుంకన్నా, నిన్న సంతలో పడిపోయిన అవ్వ ఇల్లు నీకు తెలుసునా?"